ఖాళీ ముంత

"నోరు తెరువు, బావా."

పోశం బుద్ధిగా నోరు తెరిచాడు. పూలమ్మ బల్ల మీదుగా వంగి వాసన చూసింది. యాలకుల ఘుమఘుమ తప్ప ఇంకేమీ రాలేదు.

ఆమె వెనక గూట్లో చిన్న ముంతలు వరసగా ఉన్నాయి, ఒక్కో గిరాకీకి ఒక్కోటి. డ్యూటీ దిగి, సారా ముట్టకుండా నేరుగా చాయ్‌కి వచ్చినవాడి ముంతలో ఒక చింతగింజ పడుతుంది. ముంత నిండితే మిర్చీబజ్జీలు, చాయ్ ఉచితం. తాగి తాగి మొగుడు పోయాక పూలమ్మ పెట్టిన పద్ధతి ఇది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పక్కన హోటల్ తెరిచి ఏడాది తిరక్కుండానే ఎన్ని సంసారాలు నిలబెట్టిందో మహాతల్లి!

పోశం ముంత మాత్రం ఖాళీ. అతనికి బజ్జీల మీద యావ లేదు, పూలమ్మంటేనే ప్రాణం. మారుమనువు చేసుకుందామని అడిగితే, "ముందుగాల నీ ముంతల ఒక్క గింజ పడనియ్యి, గప్పుడు మాట్లాడుదాం" అంది. అందుకే ఇవాళ సబ్బు అరిగేదాకా రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాడు.

"వాసనొస్తాంది," అంది పూలమ్మ.

"ఒట్టు! సుక్క ముట్టలే."

"నోట్లకెల్లి కాదు, పెయ్యి మీదికెల్లి."

బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. బొగ్గు నింపే రాయమల్లు ఊరుకుంటాడా?

"పోశమన్నా, పొద్దుగాల సూసిన. సారా దుకాణంలనే కూసున్నవు."

"కూసుంటే తాగినట్టేనా?"

"పండుగ లేదు, పబ్బం లేదు, పొద్దూకేదాక ఆడనే ఉంటివి. మేమందరం విడిచిపెట్టినం. ఇగ ఆడ మిగిలింది నువ్వొక్కనివే!"

"నా బాధ గూడ గదేనే," అన్నాడు పోశం దీనంగా. మళ్లీ నవ్వులు.

పూలమ్మ నవ్వలేదు. చింతగింజను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది. ఆమెకూ అతనంటే ఇష్టమే. వచ్చిన చిక్కల్లా అదే.

"రేపటిసంది ఆడ అడుగు పెట్టనని ఎన్నిసార్లు చెప్పినవు, బావా?"

"ఈసారి నిజంగనే."

"నువ్వు ఆడికి పోయినన్ని దినాలు నా ఇంట్లకు రాలేవు. గంతే."

పోశం తల వంచుకుని గడప దాకా వెళ్లాడు. ఆగాడు. గిర్రున వెనక్కి వచ్చి, మొలతాడుకు ముడేసిన గుత్తి విప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఇగ నువ్వే దాసుకో," అన్నాడు.

రాయమల్లు చేతిలోని మిర్చీ నోటి దాకా పోలేదు. పూలమ్మ గుత్తి వైపు చూసింది, పోశం వైపు చూసింది. కళ్లలో నీళ్లు కనబడకుండా గబుక్కున గూటివైపు తిరిగి, అతని ముంతలో గింజ వేసింది. టక్కుమంది.

ఆ గుత్తిలోవి పోశం సొంత సారా దుకాణం తాళంచెవులు.