ఎమ్మిగనూరు లోడు

"నా అంగట్లోంచి ఒక్క పైసా రాదు," అన్నాడు రామకృష్ణయ్య.

ఆ మాట ఇంట్లో అని ఉంటే భార్య అలివేలమ్మ వారం తిరక్కుండా సర్దేసేది. ఆయన ఆదోని మార్కెట్ యార్డులో, తోటి పత్తి వ్యాపారులందరి ముందూ అన్నాడు. యార్డులో చెప్పిన ధర నుంచీ, అన్న మాట నుంచీ వెనక్కి పోవడం ఆయనకు చేతకాదు.

పైసా అడిగింది కూతురు ప్రియదర్శిని. బీకాం అయింది, కారు లైసెన్సు ఉంది, ఇప్పుడు లారీ నేర్చుకుంటానంటోంది. పత్తి ధర పడినా లారీ బాడుగ పడదని నాన్న రోజూ తిట్టుకోవడం వింటూ పెరిగిన పిల్ల. అయితే ఆ బాడుగేదో మనమే తీసుకుందామని తేల్చుకుంది.

డ్రైవింగ్ స్కూలు ఫీజుకు సర్కారు సాయం అడిగితే, యార్డులో అంగడి ఉన్నవాళ్ళకు రాదన్నారు. బ్యాంకులో అడిగితే, లారీ కొనడానికి లోను ఇస్తాం గానీ నేర్చుకోవడానికి ఇవ్వలేమన్నారు. నడపడం రాని మనిషి చేతిలో లారీ పెట్టడానికి బ్యాంకుకు అభ్యంతరం లేదన్నమాట.

ఇలాంటప్పుడు తల్లులు గాజులు అమ్ముతారు. అలివేలమ్మ వ్యాపారస్థుడి భార్య. ఆమెకు అమ్మకం కన్నా బేరం మీద గురి. నేరుగా సామ్సన్ దగ్గరికి పోయింది. సామ్సన్ ఊరి చివర లారీ డ్రైవింగ్ నేర్పిస్తాడు. ఉన్నది ఒక్కటే పాత లారీ. ఖాళీగా తిప్పితే డీజిలు దండగని, దొరికిన లోడు వేసుకుని దానితోనే నేర్పిస్తాడు.

"సామ్సనప్పా, మా ఆయన పత్తి బేళ్ళు ఎమ్మిగనూరు గోడౌనుకు నువ్వు తోలు. బాడుగ అందరికన్నా తక్కువ చెప్పు. ఆ బాడుగే మా పాప ఫీజు."

సామ్సన్ తల గోక్కున్నాడు. "సెట్టిగారికి తెలిస్తే?"

"బాడుగ తక్కువంటే ఆయనకు ఇంకేమీ కనపడదులే."

మరునాడే యార్డులో బేరం జరిగింది. రామకృష్ణయ్య, సామ్సన్ చేతులు పట్టుకుని పైన తువ్వాలు కప్పుకున్నారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర, పక్కవాళ్ళకు తెలియదు. చాలాసేపే నొక్కుకున్నారు. ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ, ఇంత తక్కువకు లారీ కుదిర్చినవాడు ఆదోనిలో లేడని ఆయన చెబుతూనే ఉన్నాడు. అలివేలమ్మ ఇంకో గరిటె నెయ్యి వేసింది.

కంప్యూటర్ కోర్సుకని చెప్పి ప్రియదర్శిని బయలుదేరేది. ఏ కోర్సని ఆయన అడగలేదు. ఖాకీ చొక్కా వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని స్టీరింగు ముందు కూర్చునేది. పత్తి దుమ్ముకు యార్డులో అందరిదీ అదే వేషం. పైగా రామకృష్ణయ్య ప్రపంచమంతా లారీ వెనకవైపే. ముందువైపుకు ఒక్కసారీ రాలేదు.

ఒకరోజు ఇక్కణ్ణుంచి లోడు పోయేది. మరునాడు అక్కణ్ణుంచి, ఆదోని గోడౌనుకే, తిరుగు లోడు దొరికేది. ఆ బాడుగా ఫీజులోకే. అదృష్టం ఇలా రెండు వైపుల నుంచీ కలిసొస్తుందని అలివేలమ్మ అనుకోలేదు. టార్పాలిన్ కింద ఏముందో చూసే తీరిక ప్రియదర్శినికి లేదు. గేరు ఎక్కడుందో చూసుకోవడమే సరిపోయేది.

ఎటొచ్చీ ఆయన చాదస్తంతోనే ఇబ్బంది. జనం కిక్కిరిసిన సంత రోజే లోడు ఎమ్మిగనూరు చేరాలనేవాడు. గోడౌను గేటు ఎంత వెడల్పున్నా లారీ వెనక్కే పెట్టించాలి, హమాలీలకు సులువట. ఒకసారైతే వాన పడుతుంటే దేవనకొండ మీదుగా చుట్టు తిరిగి పొమ్మన్నాడు. ఆ దారిలో సరుకు నలగదట.

"ఈ మనిషికి బేళ్ళ మీదుండే ప్రేమ పిల్ల మీద లేదు," అని అలివేలమ్మ పళ్ళు నూరింది.

ఆ సీజన్లో ధర పడిపోయి, యార్డులో అందరూ సరుకు బిగబట్టుకుని కూర్చున్నారు. రామకృష్ణయ్య ఒక్కడే లోడు మీద లోడు పంపాడు. బాడుగ చవకని సరుకు తోలే వెర్రితనం వ్యాపారం బాగా తెలిసినవాళ్ళకే ఉంటుందని ఆమె లోలోపల నవ్వుకుంది. నవ్వుతూనే భయపడింది కూడా. లైసెన్సు రాకముందు సంగతి బయటపడిందా, లోడు ఆగిపోతుంది. లోడుతోపాటే పిల్ల నేర్చుకోవడమూ.

టెస్టు రోజు రానే వచ్చింది. ఆ రోజు కూడా లోడు పోవాలంటాడేమోనని ఆమె సాకులు సిద్ధం చేసి పెట్టుకుంది. ఆయన పొద్దున్నే, "ఈ పొద్దు లోడు లేదు. నడుము నొస్తాంది," అని అటు తిరిగి పడుకున్నాడు.

ప్రియదర్శిని పాసయింది.

తర్వాతి లోడుకు అలివేలమ్మ, చుట్టాలింటికని చెప్పి, కూతురి పక్కన ఎక్కి కూర్చుంది. ఎమ్మిగనూరు గోడౌను గేట్లోకి పిల్ల లారీని వెనక్కి పెట్టిన తీరు చూసి తల్లి కడుపు నిండిపోయింది. అంతటి బేరగాణ్ణి బోల్తా కొట్టించిన ఘనత ఎవరికైనా చెప్పుకోకపోతే ఆ కడుపే ఉబ్బిపోయేలా ఉంది. ఎదురుగా గోడౌను కాపలాదారు లక్ష్మీనారాయణ కనిపించాడు.

"తోలింది మా పాపే," అంది గొంతు తగ్గించి. "లైసెన్సు కూడా వచ్చింది. వాళ్ళ నాయనకు మాత్రం చెప్పొద్దు."

లక్ష్మీనారాయణ దిగుతున్న బేళ్ళ వైపు చూసి నవ్వాడు.

"పాప నేర్చుకునేది అయిపోయింది కదమ్మా, ఈ పొద్దు దించి రేపు ఎక్కించి మూడు నెల్లుగా మాతో తిప్పిస్తాండే ఈ బేళ్ళను ఇంగనన్నా అమ్ముకోమని సెట్టిగారికి సెప్పండి."