అయ్యగారు సోఫా ఇచ్చేశారు

సోఫాకి ఒక కొస అయ్యగారు పట్టుకున్నారు. రెండో కొస ఆయన భార్య పట్టుకుంది. ఆయన వీధిలోకి లాగుతున్నారు, ఆవిడ ఇంట్లోకి లాగుతోంది.

"వదలవే," అన్నారు అయ్యగారు ఆయాసపడుతూ. "ఎదురింటి ముసలాయన రోజూ మెట్లమీద కూర్చుంటున్నాడు, పాపం."

"ఎండ కోసం కూర్చుంటున్నాడండీ! ఆయనింట్లో సోఫా లేదని మీకెవరు చెప్పారు?"

"ప్రభువు."

ఆ మాటకి ఎదురు చెప్పడం పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడకి చేతకాలేదు. వదిలేసింది. సోఫా వెళ్ళిపోయింది.

సువార్త చెప్పడానికి పరాయి దేశం వచ్చారు ఇద్దరూ. బయల్దేరే ముందు వాళ్ళ సంఘం పెద్దయ్యగారు ఫోన్లో ఒకటే మాట చెప్పారు. "ఇంట్లో అన్నీ అమర్చి ఉంచుతాం. మీరు విశ్వాసంతో అడుగుపెట్టండి, చాలు."

అలాగే అడుగుపెట్టారు. జోరున వాన. చేతుల్లో తడిసిన పెట్టెలు. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల మంచాలు, దుప్పట్లు, గిన్నెలు, ఫ్రిజ్‌లో పాలు, ఆఖరికి ఒక బూడిదరంగు పిల్లి. అయ్యగారు గుమ్మంలోనే మోకాళ్ళమీద పడి స్తోత్రం చెప్పారు. ఆవిడ మాత్రం లోపలి గదిలో కిటికీ పక్కనున్న కుట్టుమిషను చూసి ఏడ్చేసింది.

చిన్నప్పటి నుంచీ చేస్తున్న ప్రార్థన అది. పుట్టింట్లో కొంటామన్నారు, కొనలేదు. అత్తింట్లో కొంటామన్నారు, మర్చిపోయారు. చివరికి ప్రభువే ఇప్పించాడు, అదీ నూనె వేయించి మరీ.

ఆ సంబరం తీరకముందే అయ్యగారు మొదలుపెట్టారు. "మనకిచ్చింది దాచుకోవడానికి కాదు," అన్నారు. దుప్పట్లు వెళ్ళాయి. కుర్చీలు వెళ్ళాయి. ఫ్రిజ్‌ని ఎవరో తోపుడుబండిమీద తీసుకెళ్ళారు. ఇక్కడి భాష ఆయనకింకా పట్టుబడలేదు కాబట్టి ప్రార్థన తెలుగులోనూ, పంపకం సైగలతోనూ కానిచ్చేవారు. వీధివాళ్ళు తెగ గాభరాపడేవారు. సోఫా చూడగానే ఎదురింటి ముసలాయన చేతులు అడ్డంగా ఊపుతూ, సోఫానీ వీళ్ళ గుమ్మాన్నీ మార్చి మార్చి చూపిస్తూ, గడగడా ఏదో చెప్పాడు.

"ఏమంటాడండీ?" అంది ఆవిడ.

"మొహమాటం," అన్నారు అయ్యగారు.

పిల్లి ఒక్కటే ఎవరికిచ్చినా సాయంత్రానికల్లా తిరిగొచ్చేసేది. తనంటే దానికి ప్రాణమని ఆవిడ మురిసిపోయేది.

అంతలో పెద్దయ్యగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆదివారం వస్తున్నారట. పనెలా సాగుతోందో చూస్తారట. నచ్చితే ఉండమంటారు, లేదంటే ఇద్దరికీ తిరుగు టికెట్టే.

ఆవిడ ఖాళీ గది వంక చెయ్యి చూపించింది. "ఇల్లంతా ఊడ్చి పెట్టేశారు. ఆయనొచ్చి ఇదేమిటని అడిగితే ఏం చెప్తారండీ? కూర్చోమనడానికి కుర్చీ కూడా లేదు."

"ప్రభువు చూసుకుంటాడులే. అది సరేగానీ, చివరింట్లో ఒకావిడ బట్టలు చేత్తో కుట్టుకుంటోంది. నిన్న కిటికీలోంచి కనబడింది."

ఆవిడ తింటున్న కంచం పక్కన పెట్టేసింది. "వద్దండీ. ఆ మాట ఎత్తారంటే నేనూరుకోను."

అయ్యగారు మళ్ళీ ఎత్తలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆయన బలవంతపెడితే పోట్లాడి గెలిచేది. ఇప్పుడు పోట్లాడాల్సింది తనతోనే. ఆ మిషను ముందు కూర్చుని ఏడుస్తూ కుట్టింది, కుడుతూ ఏడ్చింది. అయ్యగారి చొక్కాకి చిరుగు లేకపోయినా కుట్టింది. శనివారం పొద్దున్నే లేచి, మిషనుని చంకనెత్తుకుని, అడుగడుక్కీ దించుకుంటూ, ఒక్కతే చివరింటికి మోసుకెళ్ళింది. చివరింటావిడ నోరు తెరిచింది. మిషను వంక చూసింది, ఈవిడ వంక చూసింది, రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది.

తిరిగొస్తుంటే ఆవిడ ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఇవ్వడంలో ఇంత సుఖముందని అయ్యగారు చెప్తుంటే వినడమేగానీ, తెలిసింది ఇవాళే. పుట్టి బుద్ధెరిగాక దేవుణ్ణి నిజంగా నమ్మింది ఇప్పుడేనని అనిపించి, నడివీధిలో నవ్వుకుంది.

ఆదివారం అయ్యగారు బస్టాపుకి ఎదురెళ్ళి పెద్దయ్యగారిని వెంటబెట్టుకొచ్చారు. పెద్దయ్యగారు గుమ్మంలో ఆగి ఏదో అడగబోయారు. లోపలి బోసిగోడలు చూసి ఆ మాట మింగేశారు. కూర్చోవడానికేమీ లేక నేలమీదే చతికిలబడ్డారు. పిల్లి వెళ్ళి ఆయన ఒళ్ళో ఎక్కింది.

"ఇదేంటయ్యా, ఇల్లిలా ఉంది?"

అయ్యగారు నోరు విప్పేలోపే ఆవిడ ముందుకొచ్చింది. "ఉన్నవన్నీ లేనివాళ్ళకి ఇచ్చేశామండీ. కుట్టుమిషను నా చేతుల్తో నేనే ఇచ్చాను. మీరు వెనక్కి పంపించినా సరే, ఇచ్చినందుకు మాత్రం నాకు బాధలేదు."

పెద్దయ్యగారి కళ్ళు చెమర్చాయి. పిల్లి వీపు నిమిరారు.

"నా తల నెరిసింది ఈ పనిలోనే, తల్లీ. ఇంత విశ్వాసం ఎక్కడా చూడలేదు. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇక్కడే ఉండండి."

"స్తోత్రం!" అని అయ్యగారు అరిచిన అరుపుకి పిల్లి దూకి పారిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పెద్దయ్యగారు లేచి, బట్టలు దులుపుకుని, ఇల్లంతా ఇంకోసారి కలయజూసి, మెల్లిగా అయ్యగారి భుజంమీద చెయ్యి వేశారు.

"అంతా బాగుంది గానీ నాయనా, మీకోసం మేం సర్దిపెట్టిన ఇల్లు ఇందాక వస్తూ చూశాను, పక్క వీధిలో వేసిన తాళం వేసినట్టే ఉంది, మరి ఇన్నాళ్ళూ మీరు దానం చేసింది ఎవరి సామాను?"