గోల ఆపమన్న డాక్టరు

మత్తులో ఉన్న పిల్లి ముందుకాలికి బీపీ పట్టీ చుడుతున్న నర్సుకి ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. మధ్యాహ్నం ఇదే బల్ల మీద బూడిదరంగు పిల్లి ప్రాణం పోయింది. దాని ఒంట్లో నెత్తురు పారే చప్పుడు వినిపిస్తున్న స్పీకర్ని, "ఆ గోల ఆపు, చిరాకు" అని డాక్టరే ఆపించాడు. బీపీ పడిపోతున్న సంగతి ఎవరి చెవినా పడలేదు. పెంచుకున్న ముసలాయనతో మాత్రం గుండె బలహీనమని చెప్పి చేతులు దులుపుకున్నాడు. ఆయన రేపు పొద్దున వచ్చి శవాన్ని తీసుకెళ్తానన్నాడు.

రాత్రి కారు గుద్దిన ఈ పిల్లి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నది ఆమె, డాక్టరు ఇద్దరే. ఈసారి ఆమె ఎవరినీ అడక్కుండా స్పీకర్ పెట్టింది. బొచ్చు గొరిగిన పాదానికి సెన్సర్ ఆనించగానే ఉస్, ఉస్ అని రక్తం పలికింది. పట్టీలోకి గాలి కొట్టింది. పట్టీ బిగిసి రక్తం ఆగితే చప్పుడూ ఆగాలి. గాలి వదులుతుంటే అది మళ్లీ ఏ అంకె దగ్గర మొదలైతే అదే బీపీ.

చప్పుడు ఆగలేదు.

ఇంకాస్త గాలి కొట్టింది. సెన్సర్ పైకెత్తింది. చివరికి స్పీకర్ కట్టేసింది. ఉస్, ఉస్. ఈ పిల్లి గుండెకన్నా చాలా నెమ్మదిగా, ఆగి ఆగి.

"ఆ గోల ఆపమన్నానా," అన్నాడు డాక్టరు, కుట్టు మీంచి తలెత్తకుండా.

ఆమె మూలనున్న బోను వైపు చూసింది. చప్పుడు అక్కణ్ణించే, తువ్వాల్లో చుట్టి పెట్టిన బూడిదరంగు పిల్లి దగ్గర్నుంచే వస్తోంది.

"మధ్యాహ్నం మీ మాట విని ఆపాను సార్," అంది. "ఇప్పుడు మీరే వెళ్లి ఆపండి."