నోటిలెక్క

"రెండు కిలోల నూరు గ్రాములా? కళ్ళెక్కడ పెట్టుకుని చూశావమ్మా?"

పెద్ద సిస్టరు కేకకి పసిపిల్లల వార్డంతా ఉలిక్కిపడింది. కొత్త సిస్టరు కేస్ షీటు పట్టుకుని బిక్కచచ్చిపోయింది. మూడు రోజుల కిందట తను తూచి, బాగానే ఉందని ఇంటికి పంపిన ఆడపిల్ల ఇవాళ పొద్దున ఒళ్ళు చల్లబడి తిరిగొచ్చింది. ఇప్పుడు గాజుపెట్టెలో ఉంది. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమని డాక్టరు గారు చెప్పి వెళ్ళారు.

"తూకం ఎంత చూపిస్తే అంతే రాశాను మేడమ్. రెండు కిలోలు దాటితే తల్లితో పంపొచ్చన్నారు కదా."

"ఆ తూకం రెండొందల గ్రాములు ఎక్కువ చూపిస్తుంది! ఈ వార్డులో గోడలక్కూడా తెలుసు."

"గోడలు నాకు చెప్పలేదు మేడమ్." ఏడుస్తూనే అనేసింది. "ఎక్కడైనా రాసి ఉందా?"

ఎక్కడా రాసి లేదు. తొమ్మిదేళ్ళుగా బిడ్డని తూకంలో పెట్టడం, ముల్లు చూడటం, నోటిలెక్కతో రెండొందలు తీసేసి రాయడం, అంతా పెద్ద సిస్టరే. ఒక్కసారీ తప్పలేదు. తను లేకపోతే ఈ వార్డు నడవదని ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది.

"బాగుచేయించమని పైకి రాయొచ్చుగా మేడమ్?"

"రాస్తే తూకాన్ని పట్టుకుపోతారు. అది తిరిగొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నేనున్నానుగా అనుకున్నా."

"ఆ రోజు మీరు లేరు. సెలవు పెట్టారు."

"ఔను. సెలవే." పెద్ద సిస్టరు కుర్చీలో కూలబడింది. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "ఆ రోజు చీటీలో అంకె చూసి, రెండొందలు తీసేసే రాశావనుకున్నానమ్మా. తప్పు నీది కాదు, నాది."

కొత్త సిస్టరు కళ్ళు తుడుచుకుంది. "ఆ తల్లి బయట బెంచీ మీద కూర్చుంది మేడమ్. సరిగా కప్పలేదేమో, పాలు చాల్లేదేమో అని తనని తానే తిట్టుకుంటోంది. తప్పు మనదని ఎవరు చెప్పాలి?"

"నేనే చెబుతాను. ముందు ఆ పుస్తకం ఇలా తే."

"ఇది కాదు మేడమ్. మనం రాసేది ఎర్ర అట్టది. ఇందులో బిడ్డల తాలూకు వాళ్ళు ఫిర్యాదులు రాస్తారు."

"తెలుసు."

పెద్ద సిస్టరు పుస్తకం లాక్కుని రాసింది. 'తూకం రెండు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. ఆ సంగతి తెలిసి కూడా పెద్ద సిస్టరు తొమ్మిదేళ్ళుగా ఎక్కడా రాసి పెట్టలేదు. ఆమె మీద చర్య తీసుకోవాలి.'

కింద ఒక గడి మిగిలింది. ఫిర్యాదు చేసినవారు బిడ్డకు ఏమవుతారు?

పెద్ద సిస్టరు తలుపులోంచి బయట బెంచీ మీదున్న తల్లి వైపు చూసింది. తర్వాత రాసింది.

'అమ్మమ్మ.'