బూడిద రంగు ముద్ర

"బూడిద రంగు! నా పొట్టేలు డొక్క మీద బూడిద రంగు!" ఐజాక్ తెర మీద ఫొటోతో ఉన్న కెమెరాను కూతురి ముక్కు ముందు ఆడించాడు. "ఈ కొండల్లో గొర్రెలకి బూడిద రంగు పూసే మొనగాడెవడే?"

టెస్సా తల వంచుకుంది. "నేను నలుపు తెలుపులోనే తీస్తాను నాన్నా."

"ఎందుకని? మా తాతంటే గతిలేక తీశాడు. నీకేమొచ్చింది?"

"రంగుల్లేకపోతే వెలుగు బాగా కనిపిస్తుంది. కానీ నాన్నా, అసలు..."

"వెలుగట, వెలుగు!"

బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్న పొరుగు రైతు గిల్బర్ట్ కప్పు దించాడు. "పిల్లని ఆడిపోసుకుంటావేంట్రా? ఆ ముద్ర నీలం. నీలం నాది. పొట్టేల్ని వదిలితే తోలుకుపోతా."

"నీలమా? నీ మొహం! అది ఎరుపు. నాది."

ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి ఇద్దరూ ఎడమ డొక్క మీదే రంగు ముద్ర వేస్తారు. రంగొకటే తేడా. జులైలో వాన ముంచుకొస్తోందని రెండు మందల్నీ ఒకే దొడ్లోకి తోలి గబగబా ఉన్ని కత్తిరించారు. ముద్ర ఉన్నితోపాటే పోయింది. చెవికుండే బిళ్ళ ఏ కంచెకి తగులుకుని ఊడిందో ఎవరికీ తెలీదు. మిగిలిన సాక్ష్యం మే నెలలో టెస్సా తీసిన ఈ ఫొటో ఒక్కటే. విరిగిన కొమ్ము చూసి అది ఈ పొట్టేలేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది అంతవరకే.

పది రోజుల్లో గొర్రెల పోటీ. ఆ పొట్టేలు ఎవరిదైతే కప్పు వాళ్ళదే. నెల రోజులుగా చర్చిలో కూడా ఇద్దరూ చెరో మూల కూర్చుంటున్నారు.

"నాన్నా, అసలు సంగతేంటంటే..."

"నువ్వాగు. ఒరేయ్ గిల్బర్ట్, కళ్ళు పెట్టి చూడు. నీలమైతే ఇంత ముదురుగా ఉంటుందా?"

"ఎరుపైతే ఇంత లేతగా ఉంటుందా?"

"బాబాయ్, ఒక్క నిమిషం..."

"ఉండమ్మా! మీ నాన్న బుర్రలో కూడా రంగుల్లేవు. ముందు ఆ సంగతి తేలనీ."

"ఈ కెమెరాని వాగులో పారేస్తే గానీ నా కడుపుమంట చల్లారదు!" ఐజాక్ తలుపువైపు నడిచాడు.

టెస్సా ఒక్క అంగలో వెళ్ళి అడ్డంగా నిలబడింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"రంగులు లోపలున్నాయి!"

ఇద్దరూ నోళ్ళు తెరిచారు.

"కెమెరా తీసేది రంగుల్లోనే. నలుపు తెలుపు పైకి కనిపించేదే. కంప్యూటర్లో తెరిస్తే అసలు రంగులు వస్తాయి."

"ఈ ముక్క ముందే ఏడవచ్చుగా!"

"మీరిద్దరూ నన్ను నోరు తెరవనిస్తేగా!"

గిల్బర్ట్ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. ఐజాక్ అతని భుజం మీదుగా మెడ చాచాడు. "నీలమని తేలితే ఇప్పుడే నా చేత్తో తాడు కట్టి అప్పగిస్తా."

"ఎరుపని తేలితే నీ గుమ్మం మళ్ళీ తొక్కను."

ఫొటో తెర మీదికి వచ్చింది, ఇంకా బూడిదగానే. టెస్సా ఒక మీట నొక్కింది. గడ్డి పచ్చబడింది. ఆకాశం తేలిపోయిన నీలమైంది. రాళ్ళ గోడ మీద నాచు మెరిసింది. మధ్యలో పొట్టేలు, దాని డొక్క మీద అరచేయంత ముద్ర.

ఆకుపచ్చ.

ఆ కొండల్లో ఆకుపచ్చ పూసేది ఒక్క మార్గరెట్టే. గుట్టకి అవతలుంటుంది. మే నుంచి తప్పిపోయిన పొట్టేలు కోసం ఆవిడ ప్రతి గడపా ఎక్కి అడిగింది, ఈ రెండు గడపలతో సహా.

గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. ఐజాక్ వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నెల రోజుల్లో మొదటిసారి ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు.

"మళ్ళీ నలుపు తెలుపు చేసెయ్యమ్మా."