పాత ఇంటి మీద చుక్క

భర్తకు చెప్పకుండా ఇల్లు వదిలిన ఆ దర్జీ, వస్తూ వస్తూ వైఫై డబ్బా కూడా తెచ్చుకుంది. కొత్త ఊరి చివర, పొరుగిల్లు లేని చోట అద్దెకు దిగింది. మ్యాప్ తెరిస్తే నీలం చుక్క మాత్రం ఇంకా పాత ఇంటి మీదే ఉంది.

ఫోన్లు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు నవ్వాడు. "నీ ఫోన్‌లో జీపీఎస్ ఎప్పుడో చచ్చిందిగా అక్కా. ఆ డబ్బాని చూసి చోటు చెబుతోంది. డబ్బా ఇల్లు మారిందని దానికేం తెలుసు?"

"మరెప్పుడు తెలుస్తుంది?"

"ఎవరైనా మంచి ఫోన్ పట్టుకుని దాని దగ్గర చాలాసేపు ఉంటే. నేనొచ్చినా ఫోన్ ఇంట్లో పెట్టే వస్తాలే. అంతవరకూ ఆ డబ్బాని పట్టి బావ వెతికినా, ఆయనిల్లే ఆయనకి కనిపిస్తుంది."

అప్పటినుంచి, చుక్క ఆ నరకం మీదే ఉందని చూసుకున్నాకే ఆమెకు ఇక్కడ నిద్ర పట్టేది.

ఆ రాత్రి కుట్టుమిషన్ ఆపి మ్యాప్ తెరిచింది. చుక్క ఈ ఇంటి మీద ఉంది.

రోజంతా ఎవరూ తలుపు తట్టలేదు. ఆమె దీపం ఆర్పి, డబ్బా తీగ పీకేసింది. ఫోన్‌లో వైఫై పేర్లేవీ మిగలకూడదు. ఒకటి మిగిలింది. పెళ్లైన కొత్తలో భర్త తన ఫోన్ హాట్‌స్పాట్‌కు పెట్టుకున్న ఆమె ముద్దుపేరు, చిట్టి.

పక్కన సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.