పదహారు శుక్రవారాలు

"తాళంచెవి ఇటివ్వమ్మా!"

కొడుకు అరిచిన అరుపుకి పక్కవాటా వాళ్లు టీవీ శబ్దం తగ్గించారు.

పూజగది తలుపుకి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్న తల్లి తలెత్తలేదు. ఒళ్లో పళ్లెం పెట్టుకుని బీన్సుకి ఈనెలు తీస్తోంది. తాళంచెవి కొంగుకి ముడేసి, ఆ కొంగు నడుములో దోపుకుంది.

"ఇవ్వను. సాయంత్రం ఆరింటికే."

తలుపు మీద ఆవిడ తన చేత్తో రాసి అంటించిన కాగితం ఉంది. వ్రతం చేసే మనిషి ఉదయం నుంచి సాయంత్రం ఆరు దాకా గది దాటకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. పొయ్యి ముట్టించకూడదు. తలుపు తట్టినవాళ్లకి మహాపాపం. ఆఖరి వాక్యం కింద రెండు గీతలు.

"రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసొచ్చిన మనిషి. పచ్చి మంచినీళ్లయినా తాగనివ్వకుండా లోపల పెట్టి తాళం వేస్తావా? నువ్వు అత్తవా, జైలరువా?"

"వ్రతం అన్నాక ఉపవాసం ఉండొద్దా?"

"అయిదు నెలల కిందట వార్డులోనే కళ్లు తిరిగి పడిపోయింది! ఒంట్లో రక్తం లేదు, విశ్రాంతి కావాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు. నువ్వు ఆ వారమే దీని చేత ఈ వ్రతం మొదలుపెట్టించావు."

"ఆ చీటీ నేనూ చూశాను. అది తెచ్చిన సాయంత్రమే నీ స్నేహితులు నలుగురు భోజనానికొచ్చారు."

"అది వేరు!"



హాల్లోంచి తండ్రి గొంతు వినిపించింది. "ఏమేవ్, కోడలు నా కళ్లజోడు ఎక్కడ పెట్టిందో అడుగు."

"మీ నెత్తి మీద చూసుకోండి."

కాసేపటికి "ఆఁ, దొరికింది" అన్నాడాయన.

వ్రతం పదహారు వారాలని మొదలైంది. పదహారో వారం హారతి వేళ ఆయనే తుమ్మాడు. వ్రతభంగం అయిపోయిందని ఆవిడ మళ్లీ ఒకటో వారం నుంచి ఎత్తుకుంది. ఆ తుమ్ము తుమ్మినందుకు కొడుకు ఇప్పటికీ తండ్రితో ముఖం చూసి మాట్లాడటం లేదు.

"పూజారిని అడిగానమ్మా" అన్నాడు కొడుకు, పళ్లు కొరుకుతూ. "ఇలాంటి వ్రతం ఏ పుస్తకంలోనూ లేదన్నాడు."

"మా అమ్మ చెప్పింది నాకు."

"మీ అమ్మ పోయేనాటికి నీకు మూడేళ్లు!"

"కలలో చెప్పింది. నాకు మూడేళ్లప్పుడు పోయినావిడ కలలోకి రాకూడదని ఏ పుస్తకంలో ఉంది?"

కొడుకు ఒంటికాలి మీద లేచాడు. తల్లిని దాటి చెయ్యి చాచి తలుపు మీద దబదబా బాదాడు. "ఏమే, పలుకు! ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నేనున్నాను నీకు!"

లోపల్నుంచి చప్పుడు లేదు.

"మౌనంలో ఉంది. పాపం మూటగట్టుకోకు" అంది తల్లి.

"నోరు కూడా కట్టేశావన్నమాట! దీనికి వారానికి ఉన్న ఒక్క సెలవూ నీ పిచ్చికే చాలడం లేదు. మధ్యాహ్నం మా ఫోర్‌మన్ ఇంటిల్లిపాదినీ తీసుకుని వస్తున్నాడు. నా భార్య వంట తింటే వేళ్లు నాక్కుంటారని చెప్పి మరీ పిలిచాను. ఇప్పుడు ఏం పెట్టమంటావు, నీ నియమాల కాగితమా?"

"నేను వండుతున్నాగా."

"నీ వంట ఎవడు తింటాడు?"

ముప్పయ్యేళ్లు ఆ వంటే తిని ఇంతవాడయ్యాడు. తల్లి చేతిలో బీన్సు కాయ పుటుక్కున విరిగింది.

కొడుకు లిఫ్టు మెకానిక్కు. తాళం తియ్యకపోతే తలుపే తియ్యగలడు. గబగబా పనిముట్ల సంచీ తెచ్చి, స్క్రూడ్రైవరు బయటికి తీసి, తలుపు బందు మీద ఆనించాడు. ఒక మర కిర్రుమని తిరిగింది.

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్లెం నేలకేసి కొట్టింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

"ఇంకొక్క మర తిప్పి చూడు! తలుపు తీశావో, ఈ ఇంట్లో ఇక నా చేత్తో పొయ్యి వెలగదు. రోజూ తాడుని నమ్ముకుని పదిహేను అంతస్తుల గోతిలో వేలాడేవాడివి. అమ్మవారి వ్రతం చెడగొట్టి మళ్లీ అందులోకి దిగగలవా? దిగగలిగితే తియ్యి!"

కొడుకు చెయ్యి ఆగిపోయింది. దేవుడి మీద అతనికి నమ్మకం అంతంతమాత్రమే. తాడు మీద అది కూడా లేదు.

స్క్రూడ్రైవరు సంచీలో పడేశాడు.

"వాళ్లని హోటల్‌కే తీసుకుపోతాను. నా పరువు తీశావు. నువ్వు మనిషివి కాదమ్మా, రాయివి. దీనికేమన్నా అయితే బాధ్యత నీదే!"

"నాదే."

వీధి తలుపు ధడాలున మూసుకుంది. హాల్లో పేపరు తిరగేసిన చప్పుడు.

ఆవిడ కింద పడ్డ బీన్సు ఏరుకుంది. వంటింట్లోంచి మూతపెట్టిన గిన్నె ఒకటి పట్టుకొచ్చి, "నైవేద్యం వేళయింది, ఎవరూ పిలవకండి" అని హాల్లోకి కేకేసింది. తాళం తీసి, లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టింది.

చెవుల్లో దూదితో కోడలు గాఢనిద్రలో ఉంది.